ఎడమచేతి కొడవలి

ఈ ఉదయం పెరట్లో చిక్కుడు తీగ కొయ్యబోతే కొడవలి దాన్ని కొయ్యలేదు, బతిమాలింది. ఏడాదిగా సాన పెట్టలేదు మరి. నాది బద్ధకమని మా కొండ మీద అందరూ అనుకుంటారు. నేనూ కాదనను, అబద్ధమైతే కదా. కానీ ఈ ఒక్క విషయంలో కారణం వేరు. ఆ అంచు మా మేనత్త చివరిసారి నూరినది. నేను రాయి మీద పెట్టానా, అది పోతుంది.

నన్ను పెంచిన అత్తది ఎడమచేతి వాటం. అందరూ కొడవలికి ఒకవైపు పదును పెడితే ఆమె రెండోవైపు పెట్టేది. నా కుడిచేతిలో అది పక్కకు జారిపోయేది. "నీ కొడవలి కొయ్యదత్తా, అలుగుతాది" అంటే, "కొడవలికేటైందిరా? నీ సెయ్యే తిరగేసి అతికించినారు. బేగి కొయ్యి" అనేది. పదును పరీక్షంతా ముంజేతి నూగు మీదే. అందుకే ఆమె కుడి ముంజెయ్యి బెత్తెడు మేర నున్నగా ఉండేది. "సగం క్షవరమేనా అత్తా, మిగతాది ఎప్పుడు?" అని అడిగితే కొడవలి చూపించేది. నా ప్రశ్నలు సాధారణంగా అక్కడితో ముగిసేవి.

కిందటి వానల్లో జ్వరమొచ్చి అత్త పోయింది.

ఇవాళ సానరాయి మీద నీళ్లు చల్లి, ఊరికే కూర్చున్నాను. కంచె అవతల నుంచి పక్కింటి చిన్నమ్మ చూసింది.

"ఏటిరా, కొడవలికి జోల పాడతన్నావా?"

"లేపుతన్నాను సిన్నమ్మా. లెగట్లేదు."

"నీ సేతికి సరిపోయేలాగ రెండోపక్క నూరుకో. ఎవులొద్దన్నారు?"

ఎవరూ వద్దనలేదు. వద్దనే మనిషే ఉంటే ఈ గొడవే లేదు. నాలుగు రుద్దులు రుద్దితే అత్త వాటం చెరిగిపోతుంది, రేపటి నుంచి నా పని సులువు. కొడవలి తిప్పాను. మళ్లీ తిప్పాను. చివరికి ఎడమచేత్తో పట్టుకుని ఆమె వైపే నూరాను. ఏళ్ల తరబడి ఆమె రాతి మీద అరగదీసిన గుంటలో కొడవలి తనంతట తానే సర్దుకుంది; నాకే భుజం పట్టేసింది. ఆమె నూరిన ఇనుము నల్లటి నీళ్లలో కారిపోయింది, వాటం మిగిలింది.

కుడి ముంజేతి మీద ఆనించి చూశాను. బొట్టుబిళ్లంత మేర నున్నగా వచ్చింది. "సగం క్షవరమేనా?" అన్నాను పైకే. కొడవలి చూపించడానికి ఎవరూ లేరు.

చేతి మీది నూగు నెల తిరక్కుండానే మళ్లీ మొలుస్తుంది. కాలానికి తిరిగి ఇవ్వడం చేతనైంది అంతవరకే.