ఎర్ర కుళాయి నీళ్ళు

ఈ ఎడారి దేశంలో వేసవి వెళ్ళిపోతోందని చెప్పడానికి మబ్బు పట్టదు, చినుకు పడదు. పొద్దున ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి కాలదు, అదొక్కటే గుర్తు. ఈ సెప్టెంబరులో సెలవు ముగించుకుని మబేలాలో నేనుండే ఇంటి ముందు దిగిన పూట గేటు చల్లగానే తగిలింది. పెట్టె హాల్లో పడేసి, చొక్కా అయినా మార్చకుండా పెరట్లోకి వెళ్ళాను. రెండు నెలలు నీళ్ళు లేక బెండ మొక్కలు పుల్లలైపోయాయి. మట్టి మీద ఉప్పు తెల్లగా పొర కట్టింది. ఎండినవి పీకి, ఉప్పు పట్టిన పైమట్టి చెక్కి, అడుగుది తవ్వి, మేక ఎరువు కలిపి వారం రోజులు తడిపితే గాని ఇక్కడ విత్తనం వెయ్యకూడదు. గంటసేపు తవ్వి, చేతులు కడుక్కుందామని లోపలికి వచ్చాను. చేతుల నిండా మట్టి. అందుకని బాత్‌రూమ్ బయట ఉన్న నాలుగు స్విచ్చుల్లో లైటు ఒక్కటే మోచేత్తో నొక్కాను. తలెత్తితే గీజరు కింద ఎర్ర దీపం వెలుగుతోంది. అక్కడే నిలబడిపోయాను.

ఎందుకు నిలబడిపోయానో చెప్పాలంటే గీజరు సంగతి చెప్పాలి. వేసవిలో మిద్దె మీది ట్యాంకు నీళ్ళు మరుగుతుంటాయి. నీలం గుర్తున్న కుళాయి తిప్పితే బియ్యం ఉడికేలా ఉంటాయి. అందుకని ఏప్రిల్ వచ్చేసరికి ఇక్కడందరం గీజరు ఆపేస్తాం. అది ఇంట్లో నీడన ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్ళు చల్లబడతాయి. గీజరు నుంచి వచ్చే ఎర్ర కుళాయిలో చల్లనివి, నీలం కుళాయిలో వేడివి. కొత్తగా వచ్చినవాళ్ళు ఒకసారి ఒళ్ళు కాల్చుకుని నేర్చుకుంటారు. నా మొక్కలకు కూడా వేసవంతా ఎర్ర కుళాయికే పైపు తగిలించి, కిటికీలోంచి పెరట్లోకి వేసేవాణ్ణి.

పదేళ్ళ కిందట అలా పెంచిన కరివేపాకు చెట్టు నా భుజం ఎత్తుండేది. ఆ ఏడాది సెలవుకు వెళ్తూ తాళంచెవి మా వదిన చేతిలో పెట్టాను. వదిన ఆసుపత్రిలో నర్సు. నాకు ఇక్కడ ఉద్యోగం చూసిపెట్టింది ఆవిడే, ఆ సంగతి నాకు గుర్తు చేస్తూ ఉండేదీ ఆవిడే. మా పెళ్ళిలో మా అత్తగారివాళ్ళను చివరి బంతిలో కూర్చోబెట్టిందీ ఆవిడే. అదీ నేను మర్చిపోలేదు. ఎర్ర కుళాయి నీళ్ళే పొయ్యాలని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి చెట్టు మాడి, ఆకు రాలి, మొదలు నల్లబడి ఉంది. మా ఆవిడా పిల్లలూ ఊళ్ళో ఉంటారు, ఇక్కడ నన్ను ఇంటి దగ్గర పలకరించేది ఆ చెట్టొక్కటే. వదినను నిలదీశాను.

"నువ్వు రాసినట్టే ఎర్రదే తిప్పాను అబ్బాయ్," అంది. "అవీ వేడిగానే వచ్చాయి. ఈ దేశంలో జూలైలో చల్లనీళ్ళు ఎక్కడివిలే అనుకున్నాను."

అబద్ధమన్నాను. మా అన్నయ్య ముందే అన్నాను. మందు మోతాదు తప్పని మనిషికి కుళాయి రంగు తెలియదా అన్నాను. ఆవిడ తాళంచెవి బల్ల మీద పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నేను వాళ్ళింటి గడప తొక్కలేదు. ఆదివారం ప్రార్థనలో కూడా వెనక వరసకి మారాను.

వదిన మాత్రం ఏటా సెప్టెంబరులో వచ్చేది. నేను తలుపు తీయకపోతే గేటుకి ఒక మందుల కవరు తగిలించి వెళ్ళేది. లోపల గోంగూర విత్తనాలు. కవరు మీద నర్సు చేతిరాతతో, "పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, వారం రోజులు." ఒక్కటీ విత్తలేదు. పారెయ్యడానికీ మనసొప్పక బిస్కెట్ల డబ్బాలో పడేశాను. ఏడు కవర్లయ్యాయి. తర్వాత రిటైరై ఊరికి వెళ్ళిపోయింది. పోయిన ఏడాది వేసవిలో చనిపోయింది. మా అన్నయ్య ఫోను చేసి, "నీ గురించి అడిగిందిరా," అన్నాడు. సెలవు దొరకలేదని చెప్పాను. అసలు సెలవు నేను అడగనే లేదు.

ఇప్పుడు ఆ దీపం కింద నిలబడితే నా వేలు చేసిన పని నాకే కనబడింది. రోజూ డ్యూటీకి వెళ్తూ లైటు, ఫ్యాను, ఎగ్జాస్టు ఫ్యాను మూడూ ఆపుతాను. ఊరికి వెళ్ళేటప్పుడు మటుకు, దూరం పోతున్నాం కదా అని, కారు హారను కొడుతుంటే చూసుకోకుండా నాలుగోదీ నొక్కుతాను. ఏప్రిల్లోనే ఆపిన గీజరు ఆ నొక్కుడుకి వెలుగుతుంది. వచ్చిన రోజు మళ్ళీ నాలుగూ నొక్కుతాను, అది ఆరిపోతుంది. పదేళ్ళ కిందట వచ్చిన రోజు ఎర్ర కుళాయిలో నీళ్ళు వేడిగా ఉన్న మాట నాకు గుర్తుంది. మూసిన ఇల్లు కదా అనుకున్నాను. చల్లనీళ్ళు ఎక్కడివిలే అని వదినా అనుకుంది. ఆవిడది అబద్ధమైంది, నాది మామూలైంది. ఈసారి తాళంచెవి ఎవరికీ ఇవ్వలేదు. తప్పు నెట్టడానికి ఇంకో మనిషి లేడు.

అన్నయ్యకు ఫోను చేసి అంతా చెప్పాను. "మీ వదినకు తెలుసురా," అన్నాడు. "చెట్టు మాడాక గాని మీ ఇంట్లో ఆ దీపం చూడలేదట. నువ్వే వెలిగించి వెళ్ళావంటే చిన్నబోతావని చెప్పొద్దంది."

ఎన్నో మాటలు పడ్డాను, అన్నీ దాచుకున్నాను. దీన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

మట్టి వారం తడిపి, డబ్బా దించి, ఏడు కవర్లూ ఏడు వరసలుగా విత్తాను. గోంగూర నాలుగైదు రోజుల్లో మొలుస్తుంది. ఇవాళ్టికి ఇరవై రోజులు. పక్కింటి వాళ్ళ తోటకూర జానెడు లేచింది, నా మట్టి మట్టిగానే ఉంది. విత్తనం ఎన్నేళ్ళు బతికుంటుందో నాకు తెలియక కాదు. కవరు మీద రాసినట్టే పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పోస్తున్నాను. ఆవిడ రాసిన వారం ఏ సెప్టెంబరులోనో అయిపోయింది.