తెరమీద పడ్డ 'ఇల్లీగల్'

సిద్దిపేటలో మా ఇంటర్నెట్ సెంటర్ కంప్యూటర్లు, ఒక్కటి తప్ప, అన్నీ పాతవే. నెమ్మదిగానైనా నడిచేవి. మా తమ్ముడికి ఆ నెమ్మది నచ్చలేదు. తన కొత్త ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌కు సరిపోయేట్టు ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తం కంపైల్ చేసి, అంటే ఆ ప్రాసెసర్‌కు తెలిసిన ఆదేశాల్లోకి మార్చి, దాన్నే అన్నింటిలో వేశాడు. పాతవాటికి ఆ ఆదేశాలు అర్థమవుతాయా అని అడిగితే, సిస్టమ్ తెరుచుకుంది కదా, ఇంకేం భయం అన్నాడు. వాడు పట్టిన కుందేలుకు ఎప్పుడూ మూడే కాళ్లు.

మర్నాడు చేర్యాల వైపు నుంచి కల్లుగీసే ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. కాలేజీ సీటుకు దరఖాస్తు, సాయంత్రం ఐదింటికి గడువు. అంతా నింపి, కులం సర్టిఫికెట్ స్కాన్ చేసి, సైజు తగ్గించే ప్రోగ్రామ్ నొక్కాను. అది చచ్చిపోయింది. తెరమీద 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని పడింది. ఒళ్లు మండి, వెనక గదిలోకి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ ప్రాసెసర్‌కు తెలియని ఆదేశం తగిలిందని, కొత్త కంప్యూటర్లో చేస్తే అయిపోతుందని వాడు తాపీగా చెప్పాడు.

తిరిగొచ్చేసరికి కుర్చీలు ఖాళీ. పక్కన కూర్చున్నామె జరిగింది చెప్పింది. ఆ మాటకు అర్థం ఏమిటని తండ్రి అడిగాడట. చట్టానికి విరుద్ధం అని పిల్ల చెప్పిందట. ఆయన కాగితాలన్నీ సంచిలో కుక్కుకొని లేచాడట. ఆయన సర్టిఫికెట్‌లో ఏ తప్పూ లేదు. తప్పంతా మాదే.

బస్టాండుకు పరుగెత్తాను. చేర్యాల బస్సు అప్పుడే వెళ్లిపోయింది. సెంటర్ తెరిచారా అని పొద్దున ఆయన చేసిన నంబరు నా ఫోన్లో ఉంది. నేను ఎవరో చెప్పగానే "రాంగ్ నంబర్" అని పెట్టేశాడు. ఆయన వెనక బస్సు కండక్టర్ కేక నాకు స్పష్టంగా వినబడింది. నాకు ఏడుపొచ్చినంత పనయింది. మా మిషిన్ మాటకు ఆ పిల్ల సీటు పోవాలా?

మళ్లీ చేశాను. ఈసారి పిల్ల ఎత్తింది.

"బిడ్డా, మీ కాయిదం మంచిగనే ఉన్నది. మా మిషిన్‌కే తెల్వని పని చెప్పినం. మీరు గాడనే దిగున్రి, నేనే వస్తున్న."

ఆటోలో వెళ్లేసరికి ఇద్దరూ రోడ్డు పక్కన నిలబడి ఉన్నారు. పిల్ల గబగబా ఎక్కింది. ఆయన ఎక్కకుండా లోపలికి వంగి, మెల్లగా అడిగాడు.

"మేడం, మీ సెంటర్ల పోలీసోళ్లు లేరు గద?"

ఐదు కాకముందే కొత్త కంప్యూటర్ నుంచి దరఖాస్తు పోయింది. పిల్ల నవ్వుతూ తండ్రిని పిలిచింది. ఆయన లోపలికి రాలేదు. మెట్ల దగ్గరే నిలబడి రోడ్డువైపు చూస్తున్నాడు.