దీక్షలో ఇరవై ఏడో దినం

నాకు నెల అనేది ఎప్పుడూ నెలకు రాలేదు. ఒకసారి ముప్పై ఎనిమిది దినాలు, ఒకసారి యాభై రెండు, ఒకసారి డెబ్బై దాటింది. పెండ్లికి ముందు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. పెండ్లయిన నాలుగేండ్లకు, తిరుపతిలో మా వీధికొచ్చే కూరగాయలామెకు కూడా నా లెక్క తెలిసిపోయింది. బయట చేరితే మూడు దినాలు దేవుడి గూటి దగ్గరికి, వంటింట్లోకి పోకూడదు కదా. నేను యాడ కూర్చోనుండానో చూస్తే చాలు, ఇంక దాచేదానికేముంది.

నలభై దినాలు దాటిందంటే మా అత్త మొహం వెలిగిపోయేది. నా పళ్లెంలో నెయ్యి ఎక్కువ పడేది. గూడూరులో ఉండే ఆడబిడ్డకు ఫోన్ చేసి పేర్లు కూడా వెతికేది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. యాభయ్యో దినం నేను వరండాలో చాప వేసుకుంటే, ఆ నెయ్యి నేను దొంగతనంగా తిన్నట్టు చూసేది.

ఫోన్లో ఒక యాప్ వేసుకున్నా. లోకంలో ఆడోళ్లందరికీ ఇరవై ఎనిమిది దినాలే అని దానికి ఎవరు చెప్పినారో. పద్నాలుగో దినం రాగానే ఒక పువ్వు బొమ్మ పెట్టి, ఈ రోజు మీకు అనుకూలం అనేది. నా బొంద అనుకూలం. డాక్టరమ్మ నయం, ఉన్నమాట చెప్పింది. నీకు అండం విడుదలయ్యేది ఎప్పుడో ఒకసారి, ఆ దినాన్ని పట్టుకోవాల, ఉచ్చలో ముంచే స్ట్రిప్పుతో రోజూ చూసుకో, రెండో గీత ముదురుగా వచ్చిందంటే ఆ దినమూ మరుసటి దినమూ మీవి అనింది.

అప్పటినుంచి మధ్యాహ్నం పూట ఖాళీ పెరుగు కప్పు పట్టుకొని బాత్రూంలో గీత కోసం కాచుకోనుండేదాన్ని. ఎనిమిది నెలలు కాచుకున్నా. రెండో గీత వచ్చేది, పది ఉతుకులు ఉతికిన లంగా రంగులో. మా ఇంటాయన సాయంత్రం వచ్చి కిటికీ దగ్గర దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కొంచెం ముదురే గదా అనేవాడు. కాదని ఇద్దరికీ తెలుసు.

మా అత్తకు ఈ గీతల మీద నమ్మకం ల్యా. కార్తీకం వస్తానే కొడుకు చేత మాల వేయించాలనింది. బిడ్డ కోసం మొక్కు. నలభై ఒక్క దినాలు నల్లగుడ్డలు, చన్నీళ్ల స్నానం, చాప మీద పడక, ఆలి పక్కకు రాకూడదు. బిడ్డ కావాలని మొక్కుకొని ఆలిని ముట్టకుండా ఉండేది! అమ్మ పెట్టదు, అడుక్కు తిననీదు. ఆ మాట నేను పైకే అంటే, అట్లా అనకూడదు పాపం అని నోరు మూయించినారు.

బయట చేరిన ఆడది మాల వేసినోళ్ల కంట పడకూడదు కాబట్టి, మా అత్త నా లెక్క తీసింది. నేను తలకు పోసుకున్న మరుసటి దినమే మాల వేయిద్దామని చెప్పింది. "ఇబ్బందేముంది? దానికెట్లాగూ రెండు నెలలకొకసారే గదా" అనింది, చుట్టాలందరి ముందరా. నాలుగేండ్లు ఏ రోగం పేరు చెప్పి నన్ను పొడిచిందో, ఆ రోగమే ఇప్పుడు దీక్షకు సౌకర్యమైపోయింది. మా ఇంటాయన తల ఊపినాడు. రేణిగుంటలో గోడౌన్ చూసుకుంటాడు, లారీ ఒక గంట ఆలస్యమైతే డ్రైవర్‌ను వాయించి వదిలిపెడతాడు. అమ్మ ముందర మాత్రం తల ఊపేదే తెలుసు.

దీక్షలో ఇరవై ఏడో దినం. స్ట్రిప్పు మీద రెండో గీత వచ్చింది, మొదటి గీత కంటే ముదురుగా. ఎనిమిది నెలల్లో అట్లాంటిది ఒక్కటి చూడలేదు.

ఆయన పనినుంచి వచ్చి నుదుట గంధంతో నట్టింట్లో కూర్చోనున్నాడు. మాల వేసినోణ్ణి పేరు పెట్టి పిలవకూడదు, కన్నతల్లి కూడా స్వామీ అనాల్సిందే. "స్వామీ, ఇట్లా చూడు" అని స్ట్రిప్పు చూపించినా. మైల కదా, చేత్తో తీసుకోలేదు. దూరం నుంచే చూసినాడు. అదేందో ఆయనకు చెప్పే పనిలేదు. కొంచెం సేపు మెడలో మాల తడుముకున్నాడు.

"ఇంకో పద్నాలుగు దినాలు ఆగమను" అన్నాడు.

ఎవరిని ఆగమనేది? ఆ రెండు దినాలు నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మాల తీసేయమని నేను అడగలేదు. అడిగి, ఆయన కాదంటే, ఆ మాట మోసుకొని బతకాల్సొస్తాది. దానికి భయపడినా.

నలభై ఒకటో దినం ఇరుముడి కట్టే పూజ. ఇంటినిండా చుట్టాలు, గుండిగల్లో పొంగలి. తెల్లారి లేచేసరికి నేను బయట చేరినా. గీత వచ్చిన పద్నాలుగు దినాలకు వస్తాదని డాక్టరమ్మ ముందే చెప్పింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి నా ఒళ్లు చెప్పిన దినానికి చెప్పినట్టు నడుచుకునింది ఆ ఒక్కసారే.

స్వామి కంట పడకుండా నన్ను పెరట్లోకి పొమ్మన్నారు, ఆయన్ను మిద్దె మీదికి పంపించినారు. మా అత్త పెరటి గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకునింది.

"ఏమ్మే, ఒక్క దినం ఆగకూడదా అది?"

"ఆగమని నీ కొడుకు చెప్పినాడత్తా. అది వినలేదు" అన్నా, మిద్దె మీదికి వినపడేట్టు.

ఆమెకు అర్థం కాలేదు. పైన మాత్రం అడుగుల చప్పుడు ఆగిపోయింది. పక్క సందులోనుంచి నన్ను దాటించి, పాకాలలో మా అమ్మగారింటికి బస్సెక్కించినారు. బిడ్డ కోసం చేసిన ఆ పూజలో, బిడ్డను కనాల్సిన మనిషి తప్ప వీధంతా ఉన్నారు.