మైకులో మూడు పిలుపులు

మైకులో ఆమె పేరు మూడుసార్లు పిలిచారు. బల్ల దగ్గరి మనిషి కాసేపు ఆగి, ఎర్ర పెన్నుతో ఏదో రాసుకుని తర్వాతి పేరుకు వెళ్లిపోయాడు. ఆమె మాత్రం రెండో వరుసలో, ఫైలు ఒళ్లో పెట్టుకుని, తన వంతు కోసం చూస్తూనే ఉంది. ఆమెకు పుట్టుకతోనే వినపడదు. ఆమె వచ్చిన పోస్టు పెట్టింది వినపడని వాళ్ల కోసమే.

అది మహబూబాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలు. ఒక ఏజెన్సీ కంప్యూటర్ పనికి మనుషుల్ని తీసుకుంటూ సర్టిఫికెట్లు చూస్తోంది. జనగామలో మొదలుపెట్టి ఇన్నేళ్లుగా వార్తలు రాస్తున్నాను, ఇలాంటి హాళ్లు చాలా చూశాను. గోడ పక్కన నిలబడి డెస్కుకు ఫొటో పంపుతున్నాను. ఆ పేరు నా చెవిన కూడా పడింది. పడిందని తర్వాత గుర్తొచ్చింది.

ఆమె నాకు తెలియని పిల్ల కాదు. కొన్నేళ్ల కిందట డోర్నకల్‌లో ఆమె చదివే బడికి వెళ్లి రాశాను. అందరు పిల్లలూ చదివే మామూలు బడే. హాజరు పిలిచేటప్పుడు బెంచీలో పక్క పిల్ల ఆమె మోచేతి మీద రెండుసార్లు తట్టేది. ఈమె వెంటనే లేచి చెయ్యెత్తేది. "మేం జెప్పింది కాదు సార్, పిల్లలే మొదలువెట్టిండ్రు" అంది టీచరమ్మ. కాలేజీలోనూ ఎవరో ఒకరు తట్టేవాళ్లు. బయటికొస్తే వాళ్లమ్మ. ఆమెకు పిలుపంటే అదే.

ఆ రోజూ తల్లి పక్కనే కూర్చుంది. ఆమె ఇంట్లో బట్టలు కుట్టి పిల్లను చదివించిన మనిషి. అంతలో హాల్లో తిరిగే కుర్రాడొకడు వచ్చి, "సదరం జిరాక్సులు రెండు గాదమ్మా, మూడు గావాలె" అన్నాడు. సదరం అంటే వైకల్యం ఎంతో డాక్టర్లు రాసిచ్చే కాగితం. తల్లి రోడ్డవతలికి పరుగెత్తింది. అక్కడ జిరాక్సు దగ్గర లైను. ఆమె తిరిగొచ్చేసరికి పిలుపు అయిపోయింది.

"గైర్హాజరు రాసినమమ్మా" అన్నాడు బల్ల దగ్గరి మనిషి.

ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడే ఆ తల్లికి ఆ మాట ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

"గైర్ హాజిరా? హాజిర్ ఉన్నది సార్! పొద్దటి సంది మీ ముంగటనే కూసున్నది నా బిడ్డ."

"మూడుసార్లు పిలిచినం."

"ఇనరాని పిల్లను మైకుల పిలిస్తిరా? జర సోంచాయించుండ్రి."

"రాసినంక కొట్టెయ్యరాదమ్మా. లిస్టు పైకి పోవాలె."

వెనక చంకకర్రల మీద నిలబడ్డ నడివయసాయన అందుకున్నాడు. "నన్నేమో మెట్లెక్కి రమ్మన్నరక్కా, కాళ్ల కోటాల. నీ బిడ్డకు మైకు, నాకు మెట్లు. సరికి సరి."

నలుగురూ నవ్వారు. బల్ల దగ్గరి మనిషీ నవ్వాడు. కాగితం మాత్రం ముట్టలేదు.

ఏం జరిగిందో ఆ పిల్లకు ఇంకా తెలియదు. మా మొహాలు చూస్తోంది. తల్లి వెళ్లి ఆమె మోచేతి మీద రెండుసార్లు తట్టింది. ఆమె టక్కున లేచి చెయ్యెత్తింది.

నేను రాసిన వార్త లోపలి పేజీలో ఆరు లైన్లుగా వచ్చింది. తర్వాత నన్ను భూపాలపల్లికి మార్చారు. ఏజెన్సీ ఆఫీసు కూడా ఇక్కడే. డోర్నకల్ నుంచి రైలు, రెండు బస్సులు మారి తల్లి అర్జీ పట్టుకుని వస్తుంది. వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేస్తుంది. పోయిన నెల బస్టాండులో చాయ్ తాగుతూ చెప్పింది:

"ఇయ్యాల గుడ ఆఫీసుల సార్ రాలేదంట అన్నా. మరి ఆయనకు గైర్హాజరు ఎవలు రాస్తరని అడిగొచ్చిన."

"ఏమన్నరు?"

"రేపు రమ్మన్నరు."

బిడ్డ ఇంటి దగ్గర గుండీలు కుడుతోందట. లిస్టులో ఆమె పేరు పక్కన ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి. ఆ కోటాలో వచ్చింది ఆమె ఒక్కతే కాబట్టి ఆ పోస్టు ఇంకెవరికీ ఇవ్వలేదు. ఇప్పటికీ ఖాళీగానే ఉంది.