హైతీ కుర్రవాడి పదకొండు నిమిషాలు

మొన్న రాజమండ్రిలో చెప్పు కుట్టించుకుంటుండగా, ఆ పనివాడు ఒక పాత తోలుసంచికి కొబ్బరినూనె పట్టించడం మొదలుపెట్టాడు. ఎండకు వేడెక్కిన ఆ నూనె వాసన తగలగానే అక్కడ కుదురుగా నిలబడలేకపోయాను. అది నాకు దేవదానం మాస్టారి వాసన. డెబ్భైలలో పి.గన్నవరం దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో ఆయన డ్రిల్లు మాస్టారు, నేను కొత్తగా చేరిన సైన్సు టీచరును. వానకు తడిసి బిగుసుకుపోయే ఫుట్‌బాలుకు ఆయన రోజూ సాయంత్రం కొబ్బరినూనె రాసేవారు. రాస్తే తోలు నిజంగానే ఎక్కువకాలం మన్నుతుందా అని ఒకసారి అడిగాను. “ఏమోనండి. రాయని బంతి నా దగ్గర ఎప్పుడూ లేదు కదండీ, పోల్చి చూడ్డానికి,” అన్నారు. సైన్సు చదివిన నా తోటివారిలో కూడా అంత నిక్కచ్చిగా జవాబు చెప్పినవారు లేరు.

మా ప్రాంతపు మిషను ఆసుపత్రిలో చాలాకాలం నర్సుగా పనిచేసి, బెల్జియం తిరిగి వెళ్లిపోయిన సిస్టరుగారొకరు తనకు వచ్చిన తెలుగులోనే ఆయనకు ఉత్తరాలు రాసేవారు. తమ ఊరి క్లబ్బులో హైతీ నుంచి వచ్చిన ఎమిల్ అనే కుర్రవాడు చేరాడనీ, మన పిల్లల్లాగే ఉత్తకాళ్లతో ఆట నేర్చుకున్నాడనీ ఒక ఉత్తరంలో రాశారు. మాస్టారు నా చేత అట్లాసు తెరిపించారు. హైతీ అక్షాంశానికీ మన అక్షాంశానికీ తేడా రెండు డిగ్రీలేనని కొలిచి చెప్పాను. “అయితే అక్కడా ఇదే ఎండ, ఇదే బురద. ఆయ్, వీడు మనోడేనండి,” అన్నారాయన. అక్షాంశం ఒకటైనంత మాత్రాన బురద ఒకటి కానక్కరలేదన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఆ రోజునుంచి ఆయనకు కాలు నిలిచేది కాదు. టపా వేళకు కాలువగట్టు మీద పోస్ట్‌మ్యానుకు ఎదురువెళ్లేవారు. ఉత్తరం రాని రోజున, “చలికి వాడి కాళ్లు పట్టేసుంటాయాండీ?” అని నన్నడిగేవారు, అక్కడి వాతావరణం నా చేతిలో ఉన్నట్టు.

ఆ ఏడే పాఠశాల కమిటీ ఆటస్థలంలో కొబ్బరిమొక్కలు నాటాలని తలపెట్టింది. ఊళ్లో పిల్లలకు బంతి ఆడడానికి వేరే చోటు లేదు. పంటచేలు కోతల తరువాత నెలో రెండు నెలలో ఖాళీగా ఉంటాయి, అంతే. గుంతలకు ముగ్గు గుర్తులు కూడా పెట్టేశారు. సరిగ్గా అప్పుడే సిస్టరుగారి కవరొకటి వచ్చింది. తమ ఊరు గెలిచిందన్న రెండు ముక్కల కబురు, ఒక పత్రిక ముక్క. బంతిని గోలులోకి తన్నుతున్న నల్లని ఆటగాడు. కింద పేరున్న వరుస కత్తెరకు పోయింది. “చూడండి టీచరుగారూ, మీరు చూసి చెప్తే నాకు నమ్మకం,” అన్నారు మాస్టారు. ప్రయోగశాల భూతద్దం తెచ్చి చాలాసేపు పరిశీలించి, “అతనేనండి,” అన్నాను. ఆ జట్టులో నల్లవాడు మరొకడు ఉండవచ్చన్న ఊహే నాకు రాలేదు.

ఆయన ఆ ముక్కను కమిటీ గదిలో అందరికీ తిప్పి చూపించారు. “ఇలాంటి కళ్లంలాంటి చోట నేర్చుకున్నవాడేనండి వీడు,” అన్నారు. కమిటీ ప్రెసిడెంటుగారు దాన్ని దీపం వైపు పట్టి చూసి నవ్వి, “సరే మాస్టారూ, మన ఊళ్లోనూ ఒకడు తేలతాడేమో చూద్దాం. మొక్కలు కాలవగట్టున వేద్దాంలెండి,” అన్నారు. పిల్లలు ముగ్గు గుర్తుల్ని కాళ్లతో తుడిచేశారు.

తరువాతి ఉత్తరం సుమారు నెలకు వచ్చింది. ఫోటోలో ఉన్నది ఆఫ్రికాలోని జైరు దేశపు అబ్బాయి. ఎమిల్‌ను ఇంతవరకు మైదానంలోకి దింపనేలేదట. మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకొని, ఆ సాయంత్రమే కమిటీకి వెళ్లి చెబుతానన్నారు.

“చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందండీ? చెబితే స్థలం పోతుంది,” అన్నాను.

“విజిల్ వేసేవాణ్ణండి నేను. ఆఫ్‌సైడని తెలిసిపోయాక, మన పిల్లలు కొట్టారు కదాని గోలిచ్చేస్తానా?”

నేనూ వెంట వెళ్లాను. ఆయన నిలబడి, ఫోటోలోది ఆ కుర్రాడు కాడనీ, అతనింకా ఆడనేలేదనీ చెప్పారు. “పొరపాటు నాదండి,” అన్నారు. “అద్దాలు మార్చుకోండి మాస్టారూ,” అన్నారెవరో. గదిలో అందరూ నవ్వారు. భూతద్దం పట్టింది నేనని చెప్పడానికి నేను లేవలేదు. ప్రెసిడెంటుగారు, “ఆ కుర్రాడికే చోటు దొరకలేదంటున్నారు. మరింక మనవాళ్లకెందుకండీ?” అన్నారు. వారం తిరక్కుండా మొక్కలు నాటారు.

మాస్టారు ఆట మానలేదు. మొక్కలు నడుమెత్తు అయ్యేదాకా వాటి మధ్యనుంచే పిల్లలచేత బంతి నడిపించారు. తగిలితే ఆకు విరుగుతుంది కనుక వాళ్లు బంతిని కాలికి అంటిపెట్టుకోవడం నేర్చుకున్నారని ఆయన వాదన. నేను లెక్కపెట్టి చూశాను. విరిగిన ఆకులు నెలనెలా తగ్గిన మాట నిజమే, అయితే ఆడే పిల్లలూ తగ్గారు. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పాను. “ఆయ్, రెండూ రాసుకోండి,” అన్నారు.

మరుసటి ఏడు ఒక ఉదయం ప్రార్థన తరువాత ఆయన ముందుకొచ్చి, ఉత్తరం చేత్తో పట్టుకొని ప్రకటించారు: “హైతీ కుర్రాడు ఆడేడు. చివరి పదకొండు నిమిషాలు. గోలు కొట్టలేదు. ఓడిపోయేరు.” అంతే చెప్పి వరుసలు కదలమన్నారు. తరువాత సిస్టరుగారి ఉత్తరాలు ఆగిపోయాయి. ఎమిల్ ఏమయ్యాడో మాకు తెలియలేదు. ఎనభైలలో మాస్టారు పోయారు.

ముప్పైయేళ్లు సైన్సు చెప్పాను. ప్రయోగంలో ‘అనుకున్నది రాలేదు’ అని రాసిన పిల్లవాడికి, పుస్తకంలోని ఫలితాన్ని ఎత్తిరాసినవాడికంటే ఎక్కువ మార్కులు వేశాను. అందుకు నన్ను మెచ్చుకున్నవారున్నారు. కాని కమిటీ గదిలో ఆ కుర్చీ నుంచి నేను లేవలేదన్న సంగతి వారికి తెలియదు. ఆ పాఠశాలలో చదివినవారెవరైనా ఇది చదివితే, మీ ఆటస్థలం విషయంలో మాస్టారు పొరబడలేదు. ఫోటో చూసి అతనేనని నిర్ధారించింది నేను. రాసేస్తే మనసు తేలికపడుతుందని అంటారు. ఇప్పటికైతే నాకలా అనిపించడం లేదు.