చీమలు తేల్చిన సీసా

పటాన్‌చెరు దాటగానే రోడ్డుకు రెండు పక్కలా పొగగొట్టాలు, వాటి మధ్య ఇంకా జొన్నచేలు కనిపించే కాలంలో మర్యాద లెక్కలు వేరుగా ఉండేవి. ఆడపిల్ల ఫ్యాక్టరీలో పనిచేయవచ్చు గానీ, మగవాళ్ళ మధ్య కూర్చుని గ్లాసు పట్టుకోకూడదు. అదే ఆడపిల్ల మూడు బీరు సీసాలు సంచిలో పెట్టుకుని, బస్సెక్కి, ఒంటరిగా గదికి వెళ్ళి తాగితే మాత్రం తప్పులేదు. ఈ నియమం పెట్టింది మా మేనేజరు గారు, అదీ రెండు రోజులు ఆలోచించి.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళ ఏడు నెలలు. గోదావరి జిల్లా నుంచి వచ్చి బీరు ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. ఆరు నెలల పరీక్షా కాలంలో పదకొండు రోజులు మిగిలాయి. అప్పుడే కంపెనీ కొత్తగా నల్ల బీరు చేసింది. మూడు సీసాల లేబుళ్ళు తీసేసి 417, 286, 953 అని అంకెలు వేశారు. రెండింటిలో ఒకే సరుకు, ఒకదానిలో తీపి కొంచెం ఎక్కువ. ఆ ఒక్కటీ ఏదో రుచి చూసి చెప్పాలి. "నాలుక పనికొస్తేనే ఉద్యోగం ఖాయమమ్మా" అన్నారు మేనేజరు గారు. మా ఇంట్లో కాఫీలో అరచెంచా చక్కెర తేడా పట్టుకునేదాన్ని కనుక ధైర్యంగానే తల ఊపాను.

బీరంగూడలో నా గది పటేలమ్మ గారి ఇంటి వెనక భాగం. ఆదివారం పొద్దున పదకొండు గంటలకు తలుపు వేసుకుని, ల్యాబు నుంచి తెచ్చిన కొలజాడీతో ఒక్కో గ్లాసులో యాభై మిల్లీలీటర్లు పోశాను. గుక్కకూ గుక్కకూ మధ్య మరమరాలు నమిలి నీళ్ళు పుక్కిలించాలి. బీరు మాత్రం ఉమ్మకూడదు, మింగాలి (చేదు గొంతు దగ్గరే తెలుస్తుందట). 417 మాడిన బెల్లంలా ఉంది. 286 కూడా మాడిన బెల్లంలా ఉంది. 953 గురించి వేరే చెప్పనక్కరలేదు. మూడో గ్లాసు అయ్యేసరికి నా అక్షరాలు కుడివైపుకు జారాయి. ఆ జారుడు అక్షరాలతోనే ఫారం మీద ఇంకు పెన్నుతో "తెలియలేదు" అని రాశాను. రాశాక ఏడుపొచ్చింది. పదకొండు రోజుల తర్వాత ఊరికి టికెట్టు తీయాల్సిందేననుకున్నాను.

ఏడుపు వినబడి పటేలమ్మ గారు తలుపు తోసుకుని వచ్చారు.

"ఏంది బిడ్డా గిది? పొద్దుగాల్నే మందు పెట్టుకున్నవా?"

"తాగడం కాదండీ, రుచి చూడడం. ఉద్యోగం పని."

"గ్లాసుల పోసుకొని మింగుతున్నవ్, తాగుడు గాదంటవ్. సరే గని, సాక పోసినవా?"

"సాకంటే?"

"గంత సదువుకున్నవ్, గది తెల్వదా? ఎల్లమ్మ తల్లికి జెర కింద పొయ్యకుంట నోట్ల పోసుకుంటరా ఎవలన్న? గందుకే నీకు ఏం తెలుస్తలేదు."

నేను లేచేలోపే మూడు సీసాలూ వాకిట్లోకి తీసుకెళ్ళి, షాబాదు బండల మీద మూడు చోట్ల ధారపోసి దండం పెట్టారు. "అయ్యో, కొలత!" అని నేను వెనకాల పరిగెత్తాను. పోయింది ఎంతో రాసుకోవాలి కదా! ముగ్గు డబ్బా తెచ్చి ఒక్కో తడి మచ్చ చుట్టూ గుండ్రంగా గీసి, పక్కన సీసా అంకె వేశాను (సుద్ద ముగ్గే, బియ్యప్పిండి కాదు, ఈ తేడా గుర్తుంచుకోండి). పటేలమ్మ గారు నడుం మీద చెయ్యి పెట్టుకుని చూశారు. "తల్లికి పోసిన దానికి గూడ లెక్కనా? నువ్వు బతికినట్టే!"

భోజనం చేసి వచ్చి చూద్దును కదా, 417 దగ్గర తొమ్మిది చీమలు, 953 దగ్గర పదకొండు. 286 దగ్గర డెబ్భై నాలుగు దాకా లెక్కపెట్టి, అవి కదులుతుంటే వదిలేశాను.

"ఇగేంది! గదే తీపిది. గట్లనే రాసెయ్" అన్నారు పటేలమ్మ గారు.

"నేను కనిపెట్టలేదు కదండీ. చీమలు కనిపెట్టాయి."

"చీమలేమన్న మీ ఆఫీసుకొచ్చి చెప్తయా? రాయరాదు!"

ఏడు నిమిషాలు ఆలోచించాను. చివరికి "తెలియలేదు" కింద "చీమలకు తెలిసింది: 286" అని రాసి, మూడు అంకెల పక్కనా చీమల సంఖ్య వేశాను. నిజాయితీ అనుకోకండి. ఇంకుతో రాసినదాన్ని కొట్టేస్తే కాగితం చూడ్డానికి బాగుండదు, అంతే. (మిగిలిన బీరు పటేలు గారికి చేరింది. మూడూ బాగున్నాయన్నది వారి తీర్పు.)

సోమవారం మేనేజరు గారు ఆ కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీశారు. "మగవాళ్ళు పదకొండు మంది రుచి చూశారమ్మా. నలుగురు 286 అని సరిగ్గా చెప్పారు. తెలియదని మాత్రం ఒక్కరూ రాయలేదు." (పదకొండును మూడుతో భాగించి చూడండి. కళ్ళు మూసుకుని ఏదో ఒక సీసా చూపించినా దాదాపు నలుగురు గెలుస్తారు. ఈ మాట నేను అక్కడే పైకి అనేశాను.) ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. "మీ నాలుక మాకు వద్దు. రేపటి నుంచి రికార్డులు మీరు చూడండి" అన్నారు. ముప్ఫై నాలుగేళ్ళు చూశాను.

మొన్న శనివారం అమీన్‌పూర్‌లో మనవరాలు ఆఫీసు నుంచి వస్తూ ఒక నల్ల బీరు సీసా తెచ్చింది. "అమ్మమ్మా, నీకు తెలుస్తుంది కదా, చాక్లెట్ వాసన, కాఫీ వాసన?" అని నా మొహంలోకే చూస్తోంది. నాకు తెలిసింది మాడిన బెల్లమే. "తెలుస్తోంది తల్లీ, చాక్లెటే" అన్నాను. ఉద్యోగం పోతుందన్న రోజున ఇంకుతో "తెలియలేదు" అని రాసిన పిల్ల, పోయేదేమీ లేని ఈ వయసులో మనవరాలి ముచ్చట కోసం ఇంత తేలికగా అబద్ధమాడింది. అప్పటి ఆ పిల్ల చూసి ఉంటే నా మీద కళ్ళెర్రజేసేది.

మనవరాలు లోపలికి వెళ్ళాక పటేలమ్మ గారిని తలచుకుని, బాల్కనీ మూల నాలుగు చుక్కలు పోశాను. అలవాటు కొద్దీ చుట్టూ ముగ్గు కూడా గీసి, ఇరవై నిమిషాలు కూర్చున్నాను. తొమ్మిదో అంతస్తు కదా, ఒక్క చీమ కూడా రాలేదు. సున్నా అని రాసుకుని, గ్లాసులో మిగిలింది తాగేశాను. రెండో గుక్కలో, ఏమో, కాస్త చాక్లెట్ తగిలినట్టే ఉంది.