పెళ్లికొంగుల రాక్షసుడు

పెళ్లిల పెళ్లికొడుకు కంటె ఎక్కువ చెమటలు పట్టినోన్ని మీరెప్పుడన్న చూసిండ్రా? చూడకుంటె నన్ను చూడుండ్రి. వనపర్తిల ఒక పచ్చని పందిట్ల నేను పెట్టిన మంట సంగతి చెప్త.

మాది గద్వాల. నాయిన చీరలు నేస్తడు. డిగ్రీ చదివే దినాలల్ల నాకు పుస్తకాల కంటె ఒక పాత వీడియో గేమే ఎక్కువ. కోటలల్ల దుంకుకుంట పోయే ఆట, దానికి భాగాలు శానా ఉన్నయి. ఆడుడు కంటె అండ్ల దాగినయి ఎతుకుడే నాకు పిచ్చి. మొదటి భాగంల మబ్బు, పొద ఒకటే బొమ్మ, రంగు మార్చి పెట్టిండ్రు. రెండో దాంట్ల ఒక గోడను కొడితె లోపల అర్ర ఉంటది, ఆట తయారుచేసినోడు అండ్ల తన పేరు రాసుకున్నడు. గిసొంటియి చెప్పి చెప్పి దోస్తుల చెవులకు తూట్లు పొడిచిన.

ఒకపారి సెలవులల్ల నాయిన నాకు పని అప్పజెప్పిండు. వనపర్తి సరోజ టీచర్ బిడ్డ పెళ్లిచీరకు కొంగు మీద హంసల వరుస గీయాలె. గళ్ల కాయితం మీద గడి గడి నింపుడే పని. ఆటల బొమ్మలు గూడ గిట్లనే గడులతోటి చేస్తరు గదా అని నాకొక బుద్ధి పుట్టింది, దాన్ని బుద్ధి అనొచ్చంటె. ఒక హంసను లేపి, ఆ జాగల ఆటల ఉండే ఒంటికన్ను రాక్షసున్ని కొమ్ములతోని సహా కూసోబెట్టిన. కాయితం నాయిన చేతుల పెట్టి పాలమూరు హాస్టల్‌కు పోయిన.

మళ్ల ఇంటికొచ్చెటాల్లకు చీర వనపర్తికి పోయింది. మనల్ని గూడ పెళ్లికి పిలిచిండ్రని అమ్మ సంబురంగ చెప్తుంటె అప్పుడు నాకు దిమాక్ తిరిగింది. పీటల మీద రాక్షసుడు. వియ్యాలవారు చూసి అపశకునం అంటే? ఇగ నాయిన నేసిన చీర ఎవరన్న ముట్టుకుంటరా? పెళ్లికి పోయే బస్సు బీచుపల్లి దాటుతుంటె కిటికీలకెల్లే ఆంజనేయునికి మొక్కిన, స్వామీ, ఆ కొంగు మడత ఇప్పకుండ చూడమని.

పందిట్ల అందరు అచ్చింతలు పట్టుకుంటె నేను కొంగు పట్టుకున్న, కండ్లతోటి. పెళ్లిపిల్ల అటు తిరిగితె అటు, ఇటు తిరిగితె ఇటు మెడ సాపిన. చేప కోసం కొంగ చూసినట్టు చూస్తున్ననని నాకు తెల్వదు. పిల్ల మేనమామకు తెలిసింది. మెల్లగ వచ్చి నా భుజం మీద చెయ్యేసి వంటల దిక్కు తీస్కపోయిండు.

"ఏం తమ్మీ, పొద్దటి సంది మా పిల్లనే చూస్తున్నవ్. ఏంది సంగతి?"

"పిల్లను కాదన్నా, చీరను."

"చీరల ఏమున్నది?"

ఒక దిక్కు ప్రేమ పంచాయితీ, ఇంకో దిక్కు రాక్షసుడు. నేను రాక్షసున్నే ఒప్పుకున్న. గుమ్మడికాయల దొంగ అంటె భుజాలు తడుముకుంటరంటరు. నేను గుమ్మడికాయనే భుజాన పెట్టుకొని ఊరేగిన.

మాట మేనమామ నుంచి టీచర్‌కు, టీచర్ నుంచి వియ్యపురాలికి పాకింది. ఆడోళ్లందరు పిల్ల చుట్టు మూగి కొంగు పరిచిండ్రు. వియ్యపురాలు కండ్లద్దాలు పెట్టుకొని ఒక్కొక్క హంసను పోలీసోళ్ల లెక్క తనిఖీ చేసింది. అన్ని హంసలే. నేనూ వంగి చూసిన. ముక్కులతోని, తోకలతోని అచ్చం హంసలే. మేనమామ నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ కలలకొస్తది.

అప్పుడు నాయిన కుర్చీలకెల్లి లేచొచ్చిండు. మగ్గానికి ఎక్కించకముందే ఆ కాయితం చూసిననని, రాక్షసున్ని తుడిచి హంసను గీసిననని వాళ్లకు నిమ్మళంగ చెప్పిండు. పందిరంత నవ్వింది. ఆయన మాత్రం నవ్వలే. నా దిక్కు తిరిగి అన్నడు:

"కాయితం మీదికెల్లి తీసేసిన బిడ్డా. నీ నోట్లకెల్లి తీసుడు మర్సిపోయిన."

అందుకే మీ అందరి ముందర ఒట్టు పెడుతున్న. ఇగ ఈ జన్మల ఏ చీరల ఏ రాక్షసున్ని దాయను. ఒకవేళ దాసినా, వాడు అండ్ల ఉన్నడో లేడో చూసుకోకుండ ఒప్పుకోను.